వెర్నా అడిగిన కాళ్ళ పీట

వరుంగా ఊళ్ళో ఏ ఇంట్లో టీ ఇచ్చినా, ఆ కప్పులు వచ్చే ట్రే ఒకప్పుడు డల్సీ పాస్కో బల్ల మీద పడుకుని లేచినదే. ట్రే అడుగున, అద్దం కింద, ఉన్నితో కుట్టిన గులాబీలో గుర్రబ్బండో పిల్లి పిల్లలో ఉంటాయి. కుట్టింది ఆ ఇంటావిడ. దాన్ని ముడత లేకుండా, మూల తప్పకుండా ట్రేలో కూర్చోబెట్టింది డల్సీ. ట్రే ఒక్కటేనా? గోడ గడియారాల ముఖాలు, నగల పెట్టెల మూతలు, చలిమంట గూడు ముందు నిలబెట్టే తెరలు, కుర్చీ ముందు వేసుకుని కాళ్ళు పెట్టుకునే కాళ్ళ పీటలు, అన్నీ ఆవిడ చేతి మీదుగా వెళ్ళినవే.

ఆ ఊళ్ళో ఆడవాళ్ళకి కాన్వాసు కుట్టు ఒక వ్యసనం. బొమ్మ అచ్చువేసిన కాన్వాసూ, దానికి సరిపడా రంగు ఉన్నీ కలిపి ఒక సంచీలో వస్తాయి. రేడియో వింటూ, మీటింగుల్లో కూర్చుని, క్రికెట్ చూస్తున్న మొగుళ్ళ పక్కన కూర్చుని నెలల తరబడి గడి గడీ నింపుతారు. పూర్తయిన రోజున ఇంట్లో వాళ్ళందరికీ చూపిస్తారు. మర్నాడు అది సొరుగులోకి పోతుంది. గోడకి తగిలిద్దామంటే ఇంకో మేకుకి చోటుండదు, చోటున్నా మొగుడు ఒప్పుకోడు. అలా సొరుగుల్లో మగ్గిపోతున్న బొమ్మలని చూసి డల్సీకి ఒళ్ళు మండేది. "ఏడాది పాటు కళ్ళు చిట్లించుకుని కుట్టి దుప్పట్ల కింద పడేస్తారా? బుద్ధుందా మీకు?" అని మొహం మీదే అడిగేది. పట్నం నుంచి రెడీమేడ్ ట్రేలూ పీటలూ తెప్పించి, ఇంటి వెనక షెడ్డులో పని మొదలుపెట్టింది. అప్పటికి ఆవిడకి నలభై. ఇక్కడ చెప్పే సంగతి జరిగేనాటికి అరవై ఎనిమిది.

ఆవిడ నాన్న గుర్రాలకి జీనులు కుట్టేవాడు. తోలుని తడిపి, చెక్క మీద లాగి, మేకులు కొట్టి ఆరబెట్టడం చిన్నప్పుడే చూసింది. కాన్వాసుకీ అదే వైద్యం. కుట్టు అంతా ఒకే వైపు వాలి ఉంటుంది కనక పూర్తయ్యేసరికి బొమ్మ కూడా ఆ వైపుకే ఒరిగిపోతుంది. చతురస్రంగా మొదలైనది పతంగిలా తయారవుతుంది. డల్సీ దాన్ని తడిపి, చెక్క మీద పరిచి, నాలుగు మూలలా లాగి, తుప్పు పట్టని పిన్నులు గుచ్చి మూడు రోజులు ఆరనిచ్చేది. ఈలోగా ఎవరు తొందరపెట్టినా వినేది కాదు. మిల్లీమీటరు తేడా వచ్చినా మళ్ళీ తడిపేది. నోరు కూడా ఆ కొలతకి తగ్గట్టే ఉండేది. ఒకావిడ బిగుసుకుపోయిన కాన్వాసు తెస్తే, "దీన్ని కుట్టావా తల్లీ, కోపమొచ్చి పొడిచావా?" అని అడిగింది. ఆవిడ నెల రోజులు మొహం మాడ్చుకుని, ఇంకోటి కుట్టి పట్టుకొచ్చింది. వేరే దిక్కు ఎక్కడుంది మరి!

డల్సీకి ఒక నియమం ఉండేది. ఎవరి పనిలోనూ తన సూది దింపదు. ఒక గడి ఖాళీగా ఉంటే పిలిచి చూపిస్తుంది, వాళ్ళ చేతే నింపిస్తుంది. "నేను ముట్టుకున్నానంటే అది నీది కాదు, నాది కాదు, మధ్యలో ఎవరిదీ కాకుండా పోతుంది" అనేది. ఊరి షోలో రూలు కూడా అదే. ఏటా అక్టోబరులో గొర్రెలూ కేకులూ గుమ్మడికాయలతో పాటు కుట్టుపనుల పోటీ ఉంటుంది. పోటీలో ఒక్కో రకం పనికి ఒక్కో నంబరు తరగతి. నలభై ఏడో తరగతి, రెడీమేడ్ వస్తువులో అమర్చిన కాన్వాసు కుట్టు. అమర్చడం ఎవరు చేసినా ఫరవాలేదు, కుట్టు మాత్రం పోటీదారు సొంత చేత్తో కుట్టినదై ఉండాలి. అందుకే డల్సీ పోటీలో ఎన్నడూ లేదు, కాని బల్ల మీద సగం వస్తువుల్లో ఉండేది. మిగతా తరగతుల్లో జడ్జీలు ముందు వస్తువు తిరగేసి వెనకవైపు చూస్తారు. ట్రేలో బిగించాక వెనక కనిపించదు కదా! వెనకవైపు చిందరవందరగా ఉన్నవాళ్ళంతా నలభై ఏడో తరగతికే ఎగబడేవారు. డల్సీకి ఊరందరి వెనకలూ తెలుసు. ఎవరికీ చెప్పేది కాదు.

అన్నిటిలోకీ అందమైన వెనక వెర్నా రోవెట్‌ది. వెర్నా, డల్సీ బళ్ళో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళు. ఒకరి పెళ్ళిలో ఒకరు తోడు పెళ్ళికూతుళ్ళు. వెర్నా కుట్టు మందంగా, గట్టిగా, వెనక కూడా వరసలు వరసలుగా, దున్నిన పొలంలా ఉండేది. అయినా నలభై ఏడులో ఆవిడకి పదకొండు సార్లు రెండో బహుమతే వచ్చింది. మొదటిది ప్రతిసారీ గ్వెన్ ఆడ్జర్స్ పట్టుకుపోయేది. గ్వెన్ ఎంత మంచిదంటే ఆవిడని తిట్టుకోవడానికి కూడా వీలుండేది కాదు.

వెర్నా మొగుడు రెజ్ చేపల పడవ నడిపేవాడు. అతను పోయి ఆరేళ్ళయింది. సముద్రం ఒడ్డున వాళ్ళకొక రేకుల గుడిసె ఉండేది. ప్రతి వేసవికీ డల్సీ, ఆవిడ మొగుడు క్లెమ్, వెర్నా, రెజ్ నలుగురూ అందులోనే పడి ఉండేవారు. రెజ్ పోయిన రెండేళ్ళకి ఆ స్థలం ఖాళీ చెయ్యమన్నారు. గుడిసెలన్నీ పీకేశారు. ఆ పైన వెర్నాకి కళ్ళు పోవడం మొదలైంది. చూపు మధ్యలో ఒక మచ్చ పడి, అది పెద్దదవుతూ వచ్చింది. అంచులు మాత్రం మిగిలాయి. తల పక్కకి తిప్పి ఓరగా చూస్తే కొంత తెలుస్తుంది. "నీ చెవులు కనిపిస్తున్నాయే, మొహమే కనిపించట్లేదు. పెద్ద నష్టమేం లేదులే" అని డల్సీతో అనేది.

ఆ ఏడాది ఆగస్టులో వెర్నా ఒక సంచీ చంకలో పెట్టుకుని షెడ్డుకి వచ్చింది. క్లెమ్ కారులో తీసుకొచ్చి దించాడు.

"ఇదే ఆఖరుది. ఇక నావల్ల కాదు. రెండేళ్ళు పట్టింది దీనికి."

"ట్రేనా?"

"ట్రే నీ దగ్గరే పెట్టుకో. కాళ్ళ పీటకి వెయ్యి. అద్దం వద్దు. నాకు వేళ్ళకి తగలాలి."

డల్సీ కాన్వాసు విప్పి బల్ల మీద పరిచింది. కిటికీ వెలుగులో ఒక్క క్షణం చూసి, గబగబా మడిచేసింది. వెర్నా తల పక్కకి వంచి నిలబడి ఉంది, ఏదో నవ్వు ఆపుకుంటున్నట్టు.

"చూశావా?" అంది.

"చూశాను."

"బాగుందా?"

"బాగుందే" అంది డల్సీ. ఆ మాట అబద్ధంలా వినిపించకూడదని గొంతు సవరించుకుని మళ్ళీ అంది, "చాలా బాగుంది."

"నీకు వేరే చెప్పక్కర్లేదనుకున్నాలే" అని వెర్నా తృప్తిగా వెళ్ళి కారెక్కింది.

ఆవిడ వెళ్ళాక డల్సీ కాన్వాసు మళ్ళీ పరిచి, సంచీలోంచి అచ్చుబొమ్మ కాగితం తీసి పక్కన పెట్టింది. కాగితం మీద ఇంగ్లండు పల్లెటూరి ఇల్లు. గడ్డి కప్పిన పసుపు పైకప్పు, గుమ్మం చుట్టూ గులాబీ పూలు, ముందు తెల్ల కుక్క. వెర్నా కుట్టిన దాంట్లో పైకప్పు ముదురాకుపచ్చ. గులాబీలు ఉండాల్సిన చోట బూడిద రంగు పొద. కుక్క ఎర్రమట్టి రంగు. ఇవి చాలవన్నట్టు అక్కడక్కడా పదకొండు ఖాళీ గళ్ళు. డల్సీ కుర్చీలో కూలబడింది. పాపం, దీనికి రంగులు కూడా తెలియడం మానేశాయా! రెండేళ్ళు కూర్చుని చీకట్లో కుట్టిందా! ఇది షో బల్ల మీద పెడితే గ్వెన్ ఏమీ అనదు. ఎవరూ ఏమీ అనరు. ఆ ఏమీ అనకపోవడమే డల్సీకి కళ్ళ ముందు కనిపించింది. ఊరంతా వెర్నాని చూసి గొంతు తగ్గించి మాట్లాడతారు. ఆఖరి పని ఇలా ముగియడం ఆవిడకి సహించలేదు.

మిల్లీమీటరు మనిషి ఆ రోజు చూడాల్సినదే చూడలేదు. సంచీలో పసుపు ఉన్నీ గులాబీ రంగు ఉన్నీ కట్టు విప్పకుండా అలాగే ఉన్నాయి. ఆ ముదురాకుపచ్చ అసలు సంచీతో వచ్చిన రంగే కాదు. ఎక్కడో వెతికి, అడిగి కొన్నది. ఇవన్నీ ఆవిడ కళ్ళకి కనిపించాయి, కాని బుర్రకెక్కలేదు. జాలి పడుతున్న మనిషి ఇంకేదీ చూడదు.

మూడు రోజులు కాన్వాసు చెక్క మీద ఆరింది. నాలుగో రోజు డల్సీ చిన్న కత్తెర తీసుకుంది. క్లెమ్ టీ పట్టుకొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏంటి, విప్పుతున్నావ్?"

"లూజుగా ఉంటే సరిచేస్తున్నా."

"నువ్వు ఎవరి దాంట్లోనూ వేలు పెట్టవనుకున్నానే."

"నువ్వు నా దాంట్లో వేలు పెట్టకు. ఆ కప్పు అక్కడ పెట్టి వెళ్ళు" అంది డల్సీ.

పన్నెండు రోజులు పట్టింది. పైకప్పు పసుపయింది. గుమ్మం చుట్టూ గులాబీలు పూశాయి. కుక్క తెల్లబడింది. పదకొండు గళ్ళూ నిండాయి. పై నుంచి చూస్తే ఎవరూ పట్టుకోలేరు. కాని వెర్నా కుట్టుకి వెనక ఉన్ని మందంగా పరుచుకుని ఉంటుంది. డల్సీది వాళ్ళమ్మ నేర్పిన పొదుపు కుట్టు, వెనక సన్నటి గీతలు తప్ప ఏమీ ఉండవు. వేలు పెట్టి తడిమితే పైకప్పు దగ్గర పల్చగా, గుంటలా తగులుతుంది. కాళ్ళ పీటకి వేస్తే వెర్నా వేలు మొట్టమొదట అక్కడే ఆగుతుంది. పై అరలో నాలుగు కాళ్ళ పీటలు వరసగా ఉన్నాయి. డల్సీ వాటి కింద నిలబడి ఫోను చేసింది.

"పీటలు అయిపోయాయే. పట్నం నుంచి వచ్చేసరికి షో దాటిపోతుంది. ట్రేలో వేసేస్తాను."

"అద్దం వద్దన్నానుగా."

"అద్దం లేకుండా ట్రే ఏంటి? టీ ఒలికితే?"

"సరే. షో అయ్యాక మార్చెయ్యి" అంది వెర్నా. డల్సీ ట్రేలో కాన్వాసు పెట్టి, పైన అద్దం, కింద అట్ట, ఆ కింద చెక్క పెట్టి ఎనిమిది మరలు బిగించింది. మామూలుగా ఆరే బిగిస్తుంది.

షో రోజు ఉత్తరాన ఉన్న ఎడారి మీంచి గాలి వేడిగా కొట్టింది. హాలు రేకులు టపటపలాడుతున్నాయి. లోపల కేకుల వాసన, ఉన్ని వాసన, పిల్లల చేతుల్లోని మాంసం కూరిన వేడి పాస్టీల వాసన కలిసిపోయి ఉన్నాయి. జడ్జి వేరే ఊరావిడ, పొద్దున్నే వచ్చి చూసి వెళ్ళిపోయింది. డల్సీ వెర్నా చెయ్యి పట్టుకుని జనంలోంచి నడిపించుకుంటూ తెచ్చింది. నలభై ఏడో తరగతి బల్ల దూరం నుంచే కనిపించింది. వెర్నా ట్రే మీద నీలం రిబ్బను. మొదటి బహుమతి.

డల్సీకి ఆ క్షణంలో భయం కన్నా సంతోషమే ఎక్కువ కలిగింది. కాళ్ళు నేల మీద ఆనలేదు. "ఫస్టే! వెర్నా, నీకు ఫస్టొచ్చింది!" అని గట్టిగా అరిచింది.

బల్ల దగ్గరే నిలబడి ఉన్న గ్వెన్ ఆడ్జర్స్ వచ్చి వెర్నాని కావలించుకుంది. "ఎప్పుడో రావాల్సింది నీకు. నిజం చెబుతున్నా" అంది. తర్వాత, వెర్నా చదవలేదు కదా అని, రిబ్బను కింద పెట్టిన జడ్జి కాగితం తీసి పైకి చదివింది. "అచ్చుబొమ్మకి ఏమాత్రం తేడా రాకుండా, శ్రద్ధగా చేశారు. గడ్డి పైకప్పులో పసుపు ఛాయలు ముచ్చటగా కుదిరాయి."

వెర్నా నవ్వు అలాగే ఉండిపోయింది. "ఏ పసుపు?" అంది.

"పైకప్పుదే. ఎండ పడ్డట్టుంది తెలుసా? గులాబీలు కూడా..."

"గ్వెన్, ఆ ట్రే నిలబెట్టు. గోడకి ఆనించి నిలబెట్టు. కాస్త జరగండమ్మా అందరూ."

వెర్నా అయిదారడుగులు వెనక్కి వెళ్ళి, తల పక్కకి తిప్పి, కోడిపెట్టలా ఓరగా చూసింది. ఇటు నుంచి ఒకసారి, అటు నుంచి ఒకసారి. మధ్య మచ్చని తప్పించుకుని అంచులతో చూడడం ఆవిడకి అలవాటైపోయింది. దగ్గర కన్నా దూరం నుంచే ఆవిడకి ఎక్కువ తెలిసేది.

"డల్సీ, ఇది ఎవరిల్లు?" అంది.

డల్సీ ట్రేకేసి ఒక అడుగు వేసి ఆగింది.

"నా పైకప్పేది? ఆకుపచ్చది. రెజ్ పడవకి వెయ్యగా మిగిలిన రంగు డబ్బా తెచ్చి గుడిసెకి వెయ్యలేదూ? ఎండకి ఒకటే కాలిపోతుంటే నువ్వు నిచ్చెన పట్టుకుని కింద నిలబడి తిడుతూనే ఉన్నావు. నీ కొత్త చెప్పుల మీద కూడా పడింది. ఆ రంగు కోసం ఎన్ని కొట్లకి ఉత్తరాలు రాయించానో తెలుసా? గుమ్మం పక్కన ఉప్పునేలలో బూడిద రంగుగా పెరిగే ఉప్పు పొద. మన రస్టీ గాడు. అన్నీ ఉండాలి. ఏవీ?"

చెప్పుల మీద పడిన ఆకుపచ్చ చుక్కలు డల్సీకి ఇప్పుడు గుర్తొచ్చాయి. ఆ చెప్పులు నాలుగేళ్ళు తొడిగింది. రస్టీ ఎర్రమట్టి రంగు కుక్క, తన చేతి రొట్టె తినే పెరిగింది. పన్నెండు రోజులు ఆ గుడిసె మీద వంగి కూర్చుని, పక్కన కాగితం పెట్టుకుని, గడి గడీ విప్పి పారేసింది. ఒక్కసారి లేచి నాలుగడుగులు వెనక్కి వెళ్ళి చూసి ఉంటే తెలిసేది. వెళ్ళలేదు.

"నేనే మార్చాను. నీకు రంగులు తెలియక తప్పు పడ్డాయనుకున్నాను" అంది.

"అయితే ఆ రోజు చూశానన్నావే? బాగుందన్నావే?"

"అబద్ధం చెప్పాను."

"నన్నొక్క మాట అడక్కపోయావా?"

"ఎలా అడగనే? నీ కళ్ళ సంగతి..."

"నాకు కళ్ళు లేవు సరే. నీకు నోరు లేదా?" అంది వెర్నా. గొంతు పెంచలేదు, కాని హాల్లో ఆ మూల ఉన్నవాళ్ళందరికీ వినిపించింది. "ఊరందరి మొహాన అడుగుతావు, కోపమొచ్చి పొడిచావా, కళ్ళు మూసుకుని కుట్టావా అని. నన్ను కూడా అలా అడిగితే నవ్వుకునేదాన్ని. నా దగ్గరికొచ్చేసరికి జాలి పడ్డావా?"

డల్సీ నేరుగా హాలు చివర రిజిస్టరు పెట్టుకుని కూర్చున్న మిసెస్ బార్టెల్ దగ్గరికి వెళ్ళింది. షోలో కుట్టుపనుల విభాగమంతా ఆవిడ చూస్తుంది. "నలభై ఏడులో మొదటిది తీసెయ్యండి. అందులో నా కుట్టుంది. నాలుగో వంతు నాదే. వెర్నాకి తెలియదు" అంది. మిసెస్ బార్టెల్ కళ్ళజోడు తీసి చూసింది. డల్సీ పాస్కో ఇలా చేసిందంటే ఎవరు నమ్ముతారు! రెండుసార్లు అడిగి, చివరికి వచ్చి రిబ్బను తీసేసింది. రెండో బహుమతి వచ్చిన గ్వెన్‌కి దాన్ని ఇవ్వబోతే తీసుకోనంది. ఆ ఏడాది నలభై ఏడో తరగతి బల్ల మీద రెండోదీ మూడోదీ ఉన్నాయి, మొదటిది లేదు. వెర్నా ఎవరి కారులోనో ఇంటికి వెళ్ళిపోయింది. డల్సీ ట్రే చంకన పెట్టుకుని నడిచి వెళ్ళింది. దారిలో ఎవరో పలకరిస్తే తల దించుకుంది. ఆ ఊళ్ళో డల్సీ తల దించుకోవడం చూసినవాళ్ళు ఆ ఒక్కరే.

నెల రోజులు వెర్నా ఫోను ఎత్తలేదు. డల్సీ షెడ్డుకి పని రావడం తగ్గింది. ఊళ్ళో వాళ్ళు కోపం తెచ్చుకోలేదు, కాని కాన్వాసు ఇచ్చేటప్పుడు "అందులో ఏం మార్చకు, ఏం?" అని నవ్వుతూ అనేవారు. ఆ నవ్వు ఆవిడకి ముల్లులా గుచ్చుకునేది. క్లెమ్ మాత్రం ఒక రోజు భోజనం దగ్గర, "రెజ్ ఉంటే మిమ్మల్నిద్దర్నీ ఒక పడవలో ఎక్కించి తాడు విప్పేసేవాడు" అన్నాడు, అంతే.

నవంబరు చివర ఒక మధ్యాహ్నం డల్సీ వెర్నా ఇంటి వరండాలో వచ్చి కూర్చుంది. తలుపు కొట్టలేదు. లోపలి నుంచి వెర్నా కుర్చీ జరిపిన చప్పుడయింది.

"ఎవరది?"

"నా చెవులు."

చాలాసేపు తలుపు తెరుచుకోలేదు. తెరిచాక వెర్నా వచ్చి రెండో కుర్చీలో కూర్చుంది. డల్సీ కాన్వాసుని ఆవిడ ఒళ్ళో పెట్టింది. ట్రే మరలు ఎనిమిదీ విప్పేసింది. తను కుట్టిందంతా, తను కుట్టిన చోటల్లా, ఉన్ని తీసేసింది. వెర్నా వేళ్ళు కాన్వాసు మీద నడిచి, పైకప్పు దగ్గర బోసి గళ్ళ మీద ఆగాయి. పన్ను తీసిన చిగురుని నాలుకతో తడుముకున్నట్టు అక్కడే తిరిగాయి.

"పీటలు అయిపోయాయన్నావు, అది కూడా అబద్ధమేనా?"

"నాలుగున్నాయి. వాటి కింద నిలబడే ఫోను చేశాను."

వెర్నా ఫక్కున నవ్వింది. నవ్వాలనుకోలేదు, వచ్చేసింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "ఆకుపచ్చ ఉన్ని లోపల బీరువాలో ఉంది. తెచ్చి దారం ఎక్కించు. నాకు సూది బెజ్జం కనిపించదు" అంది.

అలా మొదలైంది. వారానికి మూడు మధ్యాహ్నాలు డల్సీ వచ్చేది. పది సూదులకి ఆకుపచ్చ ఉన్ని ఎక్కించి దిండుకి గుచ్చి పెట్టేది. వెర్నా ఎడమ చేతి వేలితో గడి వెతుక్కుని, కుడి చేత్తో సూది దింపేది. రోజుకి రెండు వరసలు, ఒక్కో రోజు ఒకటే. డల్సీకి పక్కన ఊరికే కూర్చోవడం ప్రాణం మీదికొచ్చేది. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఒకదాన్నొకటి పట్టుకునేది. ఆ దేశంలో వేసవి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా. అది అంతా గడిచిపోయింది. క్రిస్మస్‌కి వెర్నా కొడుకూ కోడలూ వచ్చి వెళ్ళారు. గోధుమ లారీలు రోడ్డు మీద తిరిగి తిరిగి, కోతలయ్యాక ఆగిపోయాయి. మార్చికి పైకప్పు అయింది. పొద అయింది. రస్టీకి తోక మిగిలింది.

"ఏడు గళ్ళు ఖాళీగా ఉన్నాయే" అంది డల్సీ ఒక రోజు. అని వెంటనే, "చెప్పమంటావా, నోరు మూసుకోమంటావా?" అని అడిగింది.

"చెప్పు. నా వేలు పట్టుకుని పెట్టు. సూది మాత్రం ముట్టుకున్నావో, చేతి మీద గుచ్చుతాను."

డల్సీ ఆవిడ వేలు పట్టుకుని ఒక్కో గడి మీద పెట్టింది. ఏడూ నిండాయి.

ఏప్రిల్లో కాన్వాసు మళ్ళీ తడిసి, చెక్క మీద మూడు రోజులు ఆరింది. పై అర మీంచి ఒక కాళ్ళ పీట కిందికి దిగింది. డల్సీ దానికి అంచులు మడిచి, నాన్న సుత్తితో సన్న మేకులు కొట్టి, కారులో పట్టుకెళ్ళి వెర్నా కుర్చీ ముందు పెట్టింది. అయిదడుగులు వెనక్కి వెళ్ళి చూసింది. గుడిసె అక్కడ ఉంది. ఆకుపచ్చ వరసలు ఒకటి రెండు చోట్ల వంకర పోయాయి. రెజ్ వేసిన రంగు కూడా సమంగా ఉండేది కాదు. తను ఆ రోజే ఇంత దూరం నుంచి ఎందుకు చూడలేదా అని డల్సీ తనని తాను మరోసారి తిట్టుకుంది.

కుట్టిన కాళ్ళ పీట మీద ఆ ఊళ్ళో ఎవరూ కాళ్ళు పెట్టరు. అది చూడ్డానికే. చుట్టాలొస్తే పిల్లల్ని దాని మీద కూర్చోనివ్వరు. వెర్నా చెప్పులు విడిచి, మేజోళ్ళ కాళ్ళు రెండూ ఎత్తి పీట మీద పెట్టింది. మడమలతో నెమ్మదిగా తడిమింది.

"ఇదేంటి, గుమ్మం పక్కన? ఇక్కడ పల్చగా తగులుతోంది."

డల్సీ వంగి చూసింది. మొహం ఎర్రబడింది. ఉప్పు పొద అంచున, గుమ్మాన్ని ఆనుకుని, ఒకే ఒక గులాబీ మిగిలిపోయింది. తనది. అన్నీ విప్పాననుకుంది. మిల్లీమీటరు మనిషి కళ్ళ ముందు నాలుగు నెలలుగా ఉంది, కనిపించలేదు.

"ఒక గులాబీ విప్పడం మర్చిపోయానే. కాలు తియ్యి. కత్తెర నా సంచీలోనే ఉంది, రెండు నిమిషాల్లో తీసేస్తాను."

వెర్నా కాలు తియ్యలేదు. మడమని ఇంకాస్త జరిపి ఆ పువ్వు మీద సరిగ్గా ఆనించి, వెనక్కి వాలి కూర్చుంది.

"వద్దు, ఉండనీ. ప్రతి వేసవికీ ఆ ఇంటికి నువ్వూ వచ్చేదానివిగా" అంది.